బుధవారం పోయిన ఒరాండా

ప్రశ్న: మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. అందులో మూడు ఒరాండా గోల్డ్‌ఫిష్‌లు ఏడాదిగా బాగానే ఉన్నాయి. మొన్న ఆదివారం చుట్టాలు వస్తున్నారని తొట్టి మొత్తం ఖాళీ చేశాం. గులకరాళ్లు, ఫిల్టర్ స్పాంజి ట్యాప్ కింద తెల్లగా అయ్యేదాకా కడిగి, సంపు నీళ్లు నింపాం. మా సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు కలిసే ఉంటాయి. నీళ్లయితే అద్దంలా ఉన్నాయి. బుధవారం తెల్లారేసరికి పెద్ద చేప వెల్లకిలా తేలింది, ఒంటి మీద తెల్లగా దూదిలా ఉంది. ఫంగస్ అని షాపతను నీలం మందు ఇచ్చాడు. ఇంటికి రావాల్సిన గండం చేప తీసుకుపోయిందని మా అత్తగారు అంటున్నారు. మిగతా రెండూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. కొత్తది కావాలని పాప ఏడుపు. అసలు ఎందుకు చనిపోయింది? కొత్తది ఎప్పుడు తేవచ్చు?
– ఓ పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: అత్తగారి మాట కాదనకండమ్మా, గండం వచ్చిన మాట నిజమే. కాకపోతే అది ఆదివారం బకెట్లతో వచ్చింది.

ఇలాంటి ఉత్తరాల్లో చేప ఎలా ఉందో తర్వాత చూస్తాను, ముందు రోజులు లెక్కపెడతాను. మీరు ఆదివారం, బుధవారం అని రాసి నా పని సగం తగ్గించారు. నల్లా నీళ్లలో క్లోరిన్ ఎక్కువై ఉంటే చేపలు ఆ పూటే గిలగిల్లాడేవి. దోమల మందు గాలి ఎయిర్ పంపులోకి వెళ్లినా అన్నిటికీ ఒకేసారి ముప్పు వస్తుంది. (మీ దోమల మెషీన్ ఎయిర్ పంపు పక్కనే ఉంటే మాత్రం ఇవాళే అక్కణ్నుంచి తీసేయండి. ఆ మందు మనకంటే చేపలకు చాలా ఎక్కువ విషం.) రెండు మూడు రోజులు ఆగి, ఒక్కొక్కదాన్నీ పడగొట్టేది ఎక్కువసార్లు అమ్మోనియానే.

చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, తినకుండా వదిలేసిన గింజల నుంచి అమ్మోనియా నీళ్లలోకి చేరుతూనే ఉంటుంది. ఏడాదిగా దాని సంగతి చూసుకున్నది మీ స్పాంజిలోని జిగురు. అందులో ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది, దానితో అంత ప్రమాదం లేదు. మీరు మురికి అనుకుని తెల్లగా కడిగేసింది ఆ జిగురునే. ఇకపై స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి. నీళ్లు కూడా ఎప్పుడూ మొత్తం మార్చొద్దు.

నీళ్లు అద్దంలా ఉన్నాయన్నారు. అమ్మోనియాకు రంగుండదు కదా! దానికి తోడు మన దగ్గర చాలాచోట్ల బోరు నీళ్ల పీహెచ్ (నీళ్లలో పులుపు గుణం ఎంతో, క్షార గుణం ఎంతో చెప్పే అంకె) ఎక్కువ. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, ఉన్న అమ్మోనియాలోనే విషపు భాగం దాదాపు పది రెట్లవుతుంది.

ఇక ఆ దూది. రాత్రెప్పుడో పోయిన చేప ఒంటి మీది జిగురు తెల్లబడి ఊడుతుంది, ఆ తర్వాత బూజు కూడా పడుతుంది. మంగళవారం సాయంత్రం చేప ఈదుతున్నప్పుడు అది ఉందా? ఉంటే రాసేవారు. కాబట్టి ఫంగస్ వల్ల పోయిందని నేను అనుకోను. నీలం మందు మిథిలిన్ బ్లూ అయితే అస్సలు వేయకండి, మిగిలిన కాస్త బాక్టీరియా కూడా చచ్చిపోతుంది. ఏ చేపకు ఏమైనా అదే సీసా చేతిలో పెట్టే షాపులంటే నాకు ఒళ్లు మంట.

మిగతా రెండిటి గురించే నా టెన్షన్. మృగశిర కార్తె నాడు నాంపల్లిలో చేప ప్రసాదంగా నోట్లో వేసే కొర్రమీను పిల్ల పైకొచ్చి గాలి పీల్చిందంటే అది దాని అలవాటు. గోల్డ్‌ఫిష్ అదే పనిగా పైకొస్తోందంటే మొప్పలకు ఊపిరాడటం లేదని అర్థం. ఇవాళే మూడో వంతు నీళ్లు మార్చండి. ఒక రోజు బకెట్లో నిలవబెట్టిన నీళ్లు లేకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు కలిపి పోయండి. రేపు, ఎల్లుండి కూడా అంతే. రెండు రోజులు మేత బంద్, ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి. తెలిసినవాళ్లింట్లో ఆరోగ్యంగా ఉన్న పాత తొట్టి ఉంటే, వాళ్ల స్పాంజి పిండిన మురికి నీళ్లు అడిగి తెచ్చి మీ ఫిల్టర్‌లో పోయండి. సిగ్గుపడకండి, ఇంతకు మించిన మందు లేదు.

కొత్త చేప ఇప్పుడే వద్దు. బాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. నిజం చెప్పాలంటే ఆ తర్వాతా వద్దు. రెండడుగుల తొట్టిలో పట్టేది సుమారు 50 లీటర్లే, అరచేయంత పెరిగే ఒరాండాలకు అందులో రెండు ఉండటమే ఎక్కువ. పాపకు అమ్మోనియా టెస్ట్ కిట్ కొనివ్వండి. చుక్కలు వేసి, గొట్టంలో రంగు పసుపుగా ఉందా, ఆకుపచ్చకు తిరిగిందా అని తనే చూసి రోజూ క్యాలెండర్ మీద రాస్తుంది. ఆకుపచ్చ వచ్చిన రోజు మీరు బకెట్ పట్టుకోవాలి.