ఒప్పందానికి ఎవరి ఓటు కావాలి?

ప్రశ్న: కొవ్వాడ అణువిద్యుత్ కేంద్రం మాటెత్తితే 2008 నాటి భారత్-అమెరికా అణు ఒప్పందం చర్చకొస్తుంది. దాన్ని అమెరికా కాంగ్రెస్‌లో ఓటుకు పెట్టారు కదా, మన పార్లమెంటులో ఎందుకు పెట్టలేదు?
- గ్రూప్స్ అభ్యర్థి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: పెట్టాలని మన రాజ్యాంగంలో లేదు కాబట్టి. విదేశాలతో ఒప్పందాలు కేంద్ర జాబితాలో 14వ అంశం. పార్లమెంటు చట్టం చేయగల ప్రతి అంశంపైనా కేంద్ర ప్రభుత్వానికి కార్యనిర్వాహక అధికారం ఉంటుందని 73వ అధికరణం చెబుతోంది. ముందుగా సభ ఆమోదం తీసుకోవాలనే చట్టమేదీ చేయలేదు గనుక మంత్రివర్గ నిర్ణయం సరిపోయింది. ఈ ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోవడంతో 2008 జూలై 22న లోక్‌సభలో 275-256తో నెగ్గింది ప్రభుత్వ విశ్వాస తీర్మానం. ఒప్పందం మీద ఓటింగ్ కాదది. పరీక్షల్లో చాలామంది పొరబడేది ఇక్కడే.

అమెరికాలో అధ్యక్షుడు కుదుర్చుకున్న ట్రీటీకి, హాజరైన సెనేటర్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 1920 మార్చిలో మొదటి ప్రపంచ యుద్ధానంతర వెర్సాయ్ ట్రీటీకి అనుకూలంగా 49, వ్యతిరేకంగా 35 ఓట్లు పడ్డాయి. కావలసినవి 56. అంతే, వీగిపోయింది. అణు ఒప్పందం మాత్రం ఈ దారిన పోలేదు. అక్కడి అణుశక్తి చట్టం 123వ సెక్షన్ కింద ఉభయ సభల్లోనూ మామూలు మెజారిటీ చాలు. సెనేట్‌లో 86-13తో గట్టెక్కింది. ఇవేవీ అక్కర్లేని కార్యనిర్వాహక ఒప్పందాలూ ఉన్నాయి. రెండు దేశాల యుద్ధనౌకలు ఒకరి రేవుల్లో మరొకరు ఇంధనం, సరుకులు నింపుకొని తర్వాత లెక్క తేల్చుకునే 2016 నాటి ఒప్పందం అలాంటిదే.

అలాగని మన పార్లమెంటు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒప్పందం అమలుకు చట్టం కావాలంటే 253వ అధికరణం కింద సభకే రావాలి. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణే చేయాలని 1960లో బేరుబారి (పాకిస్తాన్‌కు కొంత ఇవ్వజూపిన బెంగాల్ ప్రాంతం) వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది. బంగ్లాదేశ్‌తో భూముల మార్పిడికి 2015లో 100వ సవరణ చేసింది అందుకే. అణు ఒప్పందాన్ని ఓటుకు పెట్టకపోయినా, 2010 అణు నష్టపరిహార చట్టంలో రియాక్టర్ సరఫరాదారుపైనా బాధ్యత మోపింది పార్లమెంటే. అమెరికా కంపెనీలు ఏళ్ల తరబడి వెనకాడటానికి అదొక పెద్ద కారణమైంది.

ప్రశ్న: కాంగ్రెస్‌ను అడగకుండా అమెరికా అధ్యక్షుడు యుద్ధానికి దిగవచ్చా?
- గాజువాక పాఠకురాలు

జవాబు: కాగితం మీద కుదరదు. యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది. చివరిసారి అలా ప్రకటించింది 1942లో. కొరియాలో ప్రకటన లేకుండానే పోరాడారు. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ వీటోను తోసిరాజని 1973లో చేసిన చట్టం ప్రకారం సైన్యాన్ని దించిన 48 గంటల్లో కాంగ్రెస్‌కు నివేదించాలి, అనుమతి రాకుంటే 60 రోజుల్లో ఆపాలి. వెనక్కి రప్పించడానికి మరో 30 రోజుల దాకా వెసులుబాటు. 2011లో లిబియాపై దాడులు ఆ గడువు దాటినా, ఇవి చట్టం చెప్పే స్థాయి పోరు కాదని ఒబామా ప్రభుత్వం వాదించి కొనసాగించింది.