గుర్రం దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ,

స్లొవేనియాలోని లిపిత్సా గుర్రపుశాల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి పేజీల్లో ఒక్క గుర్రం కూడా లేదు. ఉన్నదంతా 'చరిత్రకు మూగసాక్షులైన గోడలు', 'గతవైభవం', 'కాలగర్భం'. చదువుతుంటే కోపం వచ్చింది. చివరికి వచ్చేసరికి మాత్రం, తెల్లటి ఆడగుర్రం పక్కన నల్లటి పిల్ల నిలబడి ఉందనీ, "ఇది దీని పిల్లేనా?" అని అక్కడి మనిషిని అడిగాననీ రాశావు. అక్కడ ఆగిపోయాను. ఈ ఉత్తరం ఆ వాక్యం రాయించిందే.

అది దాని పిల్లే. అక్కడి జాతి గుర్రాలు, లిపిత్సానర్లు, వాటి పిల్లలు నల్లగానో గోధుమరంగులోనో పుడతాయి. తెల్లబడడానికి ఆరు నుంచి పదేళ్లు పడుతుంది. నువ్వు దాన్ని ఒక వింతగా చెప్పి వదిలేశావు. నీ వ్యాసం మొదలవ్వాల్సింది అక్కడే.

సైన్యం గుర్రాలకో, బండి గుర్రాలకో కట్టిన సాలలో అన్నీ పెరిగిన గుర్రాలే ఉంటాయి. లిపిత్సాలాగా పిల్లల్ని పుట్టించి పెంచే చోట అలా కాదు. చూడి గుర్రాలు, పిల్లతల్లులు, పాలు మానిన పిల్లలు, మగగుర్రాలు, అన్నిటికీ చోటు కావాలి, వేరువేరుగా కావాలి. ఆడగుర్రాల వాసన తగిలితే మగగుర్రం నిలవదు, అందుకే వాటిని దూరంగా కడతారు. ఈనే గుర్రానికి మామూలు గదికంటే పెద్దది కావాలి, అది పడుకుని దొర్లుతుంది, గోడకు ఇరుక్కుంటే లేవలేదు. ఎక్కువగా రాత్రిళ్లే ఈనుతాయి, ఎవరైనా దగ్గర మసలుతుంటే ఈనడం ఆపుకుంటాయి కూడా. కాబట్టి కాపలా ఉన్నవాడికి అది కనిపించాలి, దానికి వాడు కనిపించకూడదు. గోడ ఎక్కడ లేవాలో, తలుపు ఎంత వెడల్పుండాలో చెప్పేవి ఇవి. రాజుగారి అభిరుచి వీటి తర్వాతే. ఆస్ట్రియా రాకుమారుడు ఆర్చ్‌డ్యూక్ చార్లెస్ 1580లో లిపిత్సాను స్థాపించాడన్నది ఒక వాక్యంలో అయిపోతుంది. ఆయన వంశానికి నువ్వు పేజీ ఇచ్చావు.

లిపిత్సాలోని వెల్బాంత్సా అనే సాల గురించి '1703 నాటి అద్భుత కట్టడం' అన్నావు. ఏమిటి అద్భుతం? అక్కడ నిలిచి ఉన్న సాలల్లో అన్నిటికంటే పాతది, మగగుర్రాలది, కప్పు కమానులతో కట్టింది. కమాను ఎందుకని అడగాలి కదా! పాతకాలపు సాలల్లో ఎండుగడ్డిని పైన అటక మీద వేసేవారు. కింద చెక్క పలకలే ఉంటే దుమ్మూ గడ్డిగింజలూ గుర్రాల కళ్లలో, ముక్కుల్లో రాలతాయి. నిప్పంటుకుంటే మండే గడ్డి వాటి వీపుల మీదే పడుతుంది. కట్టుబడి కమాను రెంటినీ ఆపుతుంది. ఇక నేల. గుర్రం మూత్రం నిలిస్తే అమ్మోనియా లేస్తుంది, నేలకు దగ్గరగా పడుకునే పిల్లకు అది ముందు తగులుతుంది. అందుకే నేలకు వాలు, వాలు చివర కాలువ, వేడిగాలి పోవడానికి ఎత్తులో కిటికీలు. ఆ ప్రాంతంలో బుర్యా అనే చలిగాలి ఈశాన్యం నుంచి ఉధృతంగా వీస్తుంది. గాలి రావాలి, కానీ ఆ గాలి నేరుగా వీపుకు తగలకూడదు. నేలంతా సున్నపురాయి, వానపడితే నీళ్లు లోపలికి ఇంకిపోతాయి. గుర్రమేమో రోజుకు పాతిక ముప్ఫై లీటర్లు తాగుతుంది. అలాంటి చోట పైకప్పు మీద పడ్డ వాన ఎటు పోతుందో నీ వ్యాసంలో లేదంటే, నువ్వు ఆ కప్పును చూడనట్టే.

ఈ మాటలు నేను సాహిత్యంలో నేర్చుకోలేదు. కుర్రతనంలో ఒక కాంట్రాక్టరు దగ్గర గుమాస్తాగా పాత భవనాల మరమ్మతు ఎస్టిమేట్లు చక్కగా రాసిపెట్టేవాణ్ణి. ఏది పాడైంది, ఎక్కడ, ఎందుకు, బాగుచేయడానికి ఏం కావాలి, అంతే ఉండేది. విశేషణం ఒక్కటీ ఉండేది కాదు. చదువుతుంటే భవనం కళ్లముందు నిలబడేది. రాత్రిళ్లు గదిలో కూర్చుని అలాగే వ్యాసాలు రాసేవాణ్ణి. ఒక గుర్రపుశాల మీద రాసి పంపితే, సంపాదకుడు కాలువ పేరా, గాలి పేరా కొట్టేసి, "మురుగు గురించి ఎవరు చదువుతారండీ, దర్జా గురించి రాయండి" అన్నాడు. దీపాల గుత్తి ఫొటో వేశాడు. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేదు, క్షమించనూ లేదు. ఆయన పోయాక ఇంకో ఫ్యాషన్ వచ్చింది. డ్రోన్‌తో తీసిన వీడియో చూసి వ్యాసాలు రాస్తున్నారు. పైనుంచి ప్లాను కనిపిస్తుంది గానీ లద్దె వాసన రాదు, తలుపు దాటేటప్పుడు గుర్రం తుంటి ఏ మూలకు తగులుతుందో తెలియదు. నీ మొదటి పేరాలో ఆ డ్రోన్ ఉంది. తీసెయ్.

'యుద్ధ సమయంలో గుర్రాలను తరలించారు' అని ఒక్క ముక్కలో తేల్చావు. 1797 మార్చిలో ఫ్రెంచి సైన్యం వస్తోందని మందను హంగరీ వైపు తోలుకుపోయారు. దారిలో 16 గుర్రాలు ఈనాయి. నవంబరులో తిరిగొస్తే సాలలు శిథిలమై ఉన్నాయి. మళ్లీ కట్టారు. 1805లో మళ్లీ వెళ్లాల్సొచ్చింది, 1809 తర్వాత ఇంకా కొన్నిసార్లు. 1815లో గానీ కుదురుకోలేదు. ఆలోచించు: గోడ లేకుండానే, కప్పు లేకుండానే రోడ్డు మీద పిల్లలు పుట్టాయి. మరి వచ్చీరాగానే గోడలు లేపడానికి అంత ఆరాటం దేనికి?

నా నమ్మకం ఇది. ఏ పిల్ల ఎవరిదో తెలియడానికి. లిపిత్సానర్ మగగుర్రం పేరులో ముందు తండ్రి వంశం ఉంటుంది, ప్లూటో, ఫావరీ, మాయెస్టోసో అని, ఆ వెనక తల్లి పేరు. ఒక్క రాత్రి పిల్లలు కలిసిపోతే తరాల పని పోతుంది. ఆ పరుగుల్లోనే 1700కు ముందటి వంశావళి పుస్తకాలు పోయాయి. రెండు గదుల మధ్య గోడా, ఆ పుస్తకమూ చేసే పని ఒకటే. "ఇది దీని పిల్లేనా?" అని నువ్వు అడిగావు చూడు, ఆ ప్రశ్నకు జవాబుగా కట్టిందే ఆ సాల. ఎంత మంచి ప్రశ్న అడిగావో నీకు తెలియదు. దాన్ని నాలుగు పేజీలు లాగు, భయపడకు.

ఫ్రాన్సులోని షాంటియీ గుర్రపుశాల మీద రాసిన పేరా పూర్తిగా కొట్టెయ్. 186 మీటర్ల పొడవు, 240 గుర్రాలు, నిజమే. కానీ అది వేటగుర్రాలకు ఒక ప్రభువు కట్టించిన మందిరం, పిల్లలు పుట్టే చోటు కాదు. రెంటినీ పక్కన పెట్టి 'ఐరోపా అశ్వశాలలు' అంటే చదివేవాడికి రెండూ అర్థం కావు.

ఏ పత్రికకు పంపాలో తర్వాత చూద్దాం. ముందు అక్కడి మనిషికి ఉత్తరం రాసి, నేల వాలు ఎటు ఉందో, ఈనే గుర్రాన్ని రాత్రి ఎక్కణ్నుంచి చూస్తారో, పాలు మాన్పించిన పిల్లను మొదటి రోజు ఎంత దూరంలో ఉంచుతారో అడుగు. జవాబు వచ్చాక తిరగరాసి నాకు పంపు. ఫొటోలు వద్దు, ఒక కాగితం మీద ప్లాను గీసి పంపు చాలు.

ఆశీస్సులతో.