చెరువు గట్టు దాటేసరికి

చిట్టితల్లీ,

ఇన్‌ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయే సెప్టిక్ షాక్‌లో స్టెరాయిడ్ల మీద థీసిస్ మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గర్వంగా ఉంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, మొదటి పేషెంటును చేర్చకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో రిజిస్ట్రేషన్, వేలిముద్ర వేసేవాళ్లకు స్టడీతో సంబంధం లేని సాక్షి. ఇవి నీకు తెలిసినవే.

నా భయం వేరు. పీజీలో నేనూ ఇలాంటిదే చేశాను. పేగుకు చిల్లుపడి, పొట్టంతా చీముతో వచ్చినవాళ్లు. కొందరికి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాం. వాళ్ల బీపీ తొందరగా నిలబడింది, చావులూ తక్కువే కనిపించాయి. పొంగిపోయాను. చావుల్ని వార్డు రిజిస్టరు చూసి లెక్కపెట్టాను మరి! "ఇంక లాభం లేదు, ఇంటికి అట్టుకెల్లిపోతాం బాబూ" అని సంతకం పెట్టి తీసుకెళ్లినవాళ్లంతా నా లెక్కలో బతికినవాళ్లే.

ఏడాది తర్వాత పాలకొండ దగ్గర ఓ ఊరికి పెళ్లికి వెళ్లాను. ఒకావిడ గుర్తుపట్టి, గ్లాసుడు మజ్జిగ చేతికిచ్చి, "సెరువు గట్టు దాటీసరికే పోనాడు బాబూ" అంది. నా కాగితంలో ఆమె భర్త 'డిశ్చార్జ్'. ఆ మజ్జిగ గొంతు దిగలేదు. మిగతావాళ్లను వెతుకుదామంటే రిజిస్టరులో ఊరి పేరు, తండ్రి పేరు తప్ప ఏమీ లేవు. థీసిస్ అప్పటికే పాసైపోయింది. నేనూ నోరు మూసుకున్నాను.

2018లో వచ్చిన 'అడ్రినల్' అనే ట్రయల్ చదివే ఉంటావు. సుమారు 3,800 మంది, అందులో సగం మందికి రోజుకు 200 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్. షాక్ తొందరగా తగ్గింది, 90 రోజుల నాటికి చావుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 90వ రోజు దాకా వెంటపడ్డారు కాబట్టే తెలిసింది. అదే ఏడాది ఫ్రాన్స్‌వాళ్లు దానికి ఫ్లూడ్రోకార్టిసోన్ అనే ఇంకో స్టెరాయిడ్ కూడా కలిపి ఇస్తే చావులు తగ్గాయి. కాబట్టి నీ ప్రశ్న పాతబడలేదు, భయపడకు.

ప్రతి ఇంటివీ రెండు ఫోన్ నంబర్లు రాసుకో, ఒకటి పక్కింటివాళ్లది. 28వ రోజు, 90వ రోజు నువ్వే ఫోన్ చెయ్యి, ఇంటర్న్‌కు అప్పగించకు. పేషెంటు వచ్చిన టైమూ, కోత పెట్టిన టైమూ, ఎవరు ఆపరేట్ చేశారో కూడా రాయి. మీ ప్రొఫెసరు మొహం చిట్లించినా సరే. చీము లోపలే ఉంటే స్టెరాయిడ్ ఏం చేస్తుంది?

వేళకు తిను. నైట్ డ్యూటీలో టీతోనే బతికేస్తావని తెలుసు, మొండిదానా.

సిరిమాను పండక్కి వస్తావుగా. నీ డేటా ఫారం ఒకటి తీసుకురా. చివరి గడిలో ఉత్త 'డిశ్చార్జ్' అని ఉంటే ఎర్ర సిరాతో కొట్టేస్తాను.

మీ మావయ్య,
విజయనగరం