పక్షవాతానికి స్టెమ్ సెల్ ఇంజెక్షన్ చేయించాలా?

"రక్తంలోనే కొత్త నాళాలు కట్టే కణాలు ఉంటాయట. మా నాన్నకు పక్షవాతం వచ్చింది, స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే చెయ్యి వస్తుందా?" అని మీరు అడిగారు. వద్దండి. నేను ఆ గుమ్మం దాకా వెళ్లి వచ్చాను.

మా నాన్న ఓ పొద్దున కాఫీ గ్లాసు అందుకుంటే కుడి చేతిలోంచి జారిపోయింది. మూతి ఎడమకు లాగేసింది. ఎదురింటాయన "వాతం, నూనె రాసి మర్దనా చేయండి" అన్నాడు. మేమూ రాశాం. ఆస్పత్రికి చేరేసరికి ఆరు గంటలు దాటింది. మెదడు నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ నూనె వాసన తగిలితే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

మూడు నెలలకు ఒక క్లినిక్ వాళ్లు ఎముక మజ్జ తీసి అందులోని కణాలే తిరిగి ఎక్కిస్తామన్నారు. రెండున్నర లక్షలు. అమ్మ గాజులు తాకట్టుకు తీసింది కూడా. అదృష్టం కొద్దీ ముందు మా న్యూరాలజిస్టుని అడిగాను. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు మరికొన్ని ఆస్పత్రులతో కలిసి 120 మంది మీద ఇలాంటి చికిత్సనే పరీక్షించారట. 2014లో ఫలితం వచ్చింది: హాని లేదు, లాభమూ లేదు. అది తెలిసీ మధ్యతరగతి ఇళ్ల గాజుల మీద కన్నేసేవాళ్లని ఏమనాలి?

మీరన్న, కొత్త నాళాలు కట్టే ఆ కణాలు మాత్రం నిజమే. 1997లో బోస్టన్‌లో అసహారా అనే శాస్త్రవేత్త బృందం పెద్దవాళ్ల రక్తంలో వాటిని గుర్తించింది. పక్షవాతం వచ్చాక మొదటి వారంలో అవి బాగా పెరిగినవాళ్లు మెరుగ్గా కోలుకున్నారని 2007లో స్పెయిన్ డాక్టర్లు రాశారు. సిగరెట్ మానేస్తే పెరుగుతాయి, వ్యాయామంతో పెరుగుతాయి. కొనుక్కోవాల్సిన సరుకు కాదది.

నాన్న సిగరెట్ మానేశారు. రోజూ పొద్దున వీధి చివరి వేపచెట్టు దాకా నడక. మధ్యాహ్నం అమ్మ రెండు గిన్నెలు, యాభై చింతగింజలు ముందు పెట్టేది. ఒక్కో గింజా కుడిచేత్తో తీసి అవతలి గిన్నెలో వేయాలి. మొదట్లో మూడు వేసేసరికి చెమటలు పట్టి, గిన్నె తోసేసేవారు. అమ్మ ఏమీ అనకుండా గింజలు ఏరుకొచ్చి మళ్లీ పెట్టేది. ఎనిమిది నెలలకు యాభై పూర్తయ్యాయి. ఆ కణాలే పనిచేశాయని నా గట్టి నమ్మకం.

మీ నాన్నగారికి వచ్చి ఎన్నాళ్లయింది? ఫిజియోథెరపీ మొదలుపెట్టారా? ఆ డబ్బు దానికి దాచండి.