సర్టిఫికెట్ చేతికొచ్చాక రెండు వేల సబ్బులు తురిమాను

చిన్న వ్యాపారం మొదలుపెడుతున్నానని, పేరు రిజిస్టర్ చేయిస్తే ఇక దాన్ని ఇంకెవరూ వాడకుండా ఆపవచ్చా అని అడిగారు. ఆపలేరు. కనీసం ఆ ఒక్క రిజిస్ట్రేషన్‌తో ఆపలేరు. మీ పేరే ఇంకొకరి హక్కును దాటుతుంటే, వాళ్లు మిమ్మల్ని ఆపకుండా కూడా అది కాపాడదు. నాకు జరిగింది ఈ రెండోదే.

నేను ఇంట్లో సబ్బులు తయారుచేసి అమ్ముతాను. మొదట్లో వ్యాపారం పేరు నమోదుకు దరఖాస్తు పెట్టాను. అదే పేరు ఇంకెవరికైనా ఉందేమోనని కార్యాలయంలో తమ జాబితా చూసుకుని, లేదని సర్టిఫికెట్ ఇచ్చారు. దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాను. ఆ ధైర్యంతోనే, లేబుళ్లతో సరిపెట్టకుండా, సబ్బు మీదే పేరు పడేలా అచ్చు చేయించాను.

ఎనిమిదో నెలలో లాయరు నోటీసు వచ్చింది. ఇంచుమించు అదే పేరుతో సబ్బులు అమ్ముతున్న మరొకరికి ట్రేడ్‌మార్క్ ఉందట, నేను వెంటనే వాడకం ఆపాలట. నా దగ్గర సర్టిఫికెట్ ఉందన్న భరోసాతో దాన్ని తీసుకుని ఒక న్యాయవాది దగ్గరికి వెళ్లాను. ఆమె ఒక్క నిమిషం చూసి, "ఈ పేరు వెనక ఉన్న మనిషి మీరని ఇందులో ఉందమ్మా. ఈ పేరు మీదని ఎక్కడా లేదు" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. వ్యాపార నామాల నమోదు పుట్టిందే పేరు వెనక ఉన్న మనిషి ఎవరో చూపడానికి. బ్రిటన్‌లో 1916లో తెచ్చిన చట్టమే చూడండి, సొంత పేరుతో కాకుండా మరో పేరుతో వ్యాపారం చేసేవారు తామెవరో నమోదు చేసుకోవాలన్నది దాని సారాంశం. సరుకు కొన్నవారికీ, అప్పిచ్చినవారికీ అసలు మనిషి ఎవరో తెలియాలి. పేరు మీద హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్ దారి వేరు. కొన్ని దేశాల్లో ముందు దరఖాస్తు చేసినవారిది పైచేయి, కొన్నిచోట్ల ముందు నుంచి వాడుతున్నవారిది.

నేను ముందుగా వెతకలేదా అంటే, వెతికాను. కానీ నా స్పెల్లింగుతోనే వెతికాను. ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘానికి నేను రెండు అక్షరాలు వాడాను, వాళ్లు ఒకటే వాడారు. నోటితో పలికితే రెండూ ఒకటే. పోలికను తేల్చేటప్పుడు స్పెల్లింగుతో పాటు ఉచ్చారణ, రూపం, అర్థం కూడా చూస్తారు. కొనేవారు పొరబడతారా అన్నదే అక్కడ ప్రశ్న. మన పదాలను రోమన్ లిపిలో ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకునే మనకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

న్యాయవాది సలహాతో రాజీకి వచ్చాను. ఆ పేరు ఇక ఎక్కడా వాడనని సంతకం పెట్టాను, అందుకే ఇక్కడా రాయడం లేదు. తయారై ఉన్న సబ్బులు రెండు వేలకు పైనే. లేబులైతే చింపేయవచ్చు, సబ్బులో దిగిన అక్షరాలను ఏం చేయాలి? చాకుతో చెక్కి చూస్తే ముఖమంతా గుంటలు పడింది. చివరికి మా అమ్మా నేనూ నాలుగు రాత్రులు కూర్చుని అన్నింటినీ తురిమి, కరిగించి, మళ్లీ పోశాం. అమ్మ వేళ్లు చీరుకుపోయాయి. ఒక్క మాట కూడా అనలేదు ఆవిడ. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పుతుంది.

కొత్త పేరుకు ట్రేడ్‌మార్క్ దరఖాస్తు పెట్టినప్పుడు తరగతుల సంగతి తెలిసింది. పేరు ఏ రకం సరుకుకో చెప్పి, ఆ తరగతి కింద దరఖాస్తు పెట్టాలి. దేశాల మధ్య 1957లో కుదిరిన నీస్ ఒప్పందంతో వచ్చిన వర్గీకరణలో ఇప్పుడు 45 తరగతులున్నాయి, 34 వస్తువులకు, 11 సేవలకు. సబ్బులు 3వ తరగతి, కొవ్వొత్తులు 4వ తరగతి. రేపు కొవ్వొత్తులు కూడా అమ్మాలనుకుంటే ఆ సంగతి దరఖాస్తు రోజే ఆలోచించుకోవాలి.

ఇంకో హెచ్చరిక. దరఖాస్తు వివరాలు అందరికీ కనిపిస్తాయి. నాది దాఖలైన కొద్ది వారాలకే ప్రభుత్వ ముద్రలాంటి బొమ్మతో, ఫలానా రుసుము వెంటనే కట్టమని ఉత్తరం వచ్చింది. శుద్ధ మోసం. ఇలాంటి బిల్లుల గురించి ట్రేడ్‌మార్క్‌ల వంటి హక్కుల వ్యవహారాలు చూసే ప్రపంచ మేధో సంపత్తి సంస్థ (WIPO) కూడా హెచ్చరిస్తూనే ఉంది. కష్టపడి పైకి రావాలనుకునే చిన్నవాళ్ల భయాన్ని సొమ్ము చేసుకునే ఈ మనుషులను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

పేరు ఎంపికలో కూడా సరుకును వర్ణించే మాటలు వద్దు. "స్వచ్ఛమైన సబ్బు" లాంటి పేరు ఎవరికైనా అవసరమే కాబట్టి దాన్ని ఒక్కరికే కట్టబెట్టడానికి సాధారణంగా ఒప్పుకోరు. సరుకుతో సంబంధం లేని మాటో, మీరే పుట్టించిన మాటో మేలు.

పైన చెప్పిన సంస్థే బ్రాండ్ల డేటాబేస్‌ను ఉచితంగా అందుబాటులో ఉంచింది. మీ దేశపు ట్రేడ్‌మార్క్ రిజిస్టరుతో పాటు అందులోనూ వెతకండి. పేరును తోచిన ప్రతి స్పెల్లింగుతో రాసి చూడండి, దాని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటతో కూడా చూడండి. అనుమానం ఉంటే ఒక న్యాయవాదికి చూపించండి. అచ్చుకు ఇంకా ఆర్డరు ఇవ్వకపోతే, ఈ పని అయ్యేదాకా ఇవ్వకండి.