ఆ ఒడ్డుకు వచ్చిన వైద్యం ఈ ఒడ్డుకు రావడానికి పది నెలలు పట్టింది

మీరు రావులపాలెం నుంచి రెండు ప్రశ్నలు అడిగారు. మన రాష్ట్రంలో పేదలకు ఉచిత వైద్యం అందించే ఎన్టీఆర్ వైద్యసేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) కార్డు పరిమితిని 25 లక్షలకు పెంచి, ఇప్పుడు బీమా కంపెనీల ద్వారా నడుపుతామంటున్నారు కదా, ఈ మార్పుల వల్ల పేద కుటుంబాలకు నిజంగా ఒరిగేది ఏమిటన్నది మొదటిది. అమ్మానాన్నల కోసం విడిగా కడుతున్న ఆరోగ్య బీమా ప్రీమియం మానేయవచ్చా అన్నది రెండవది. మాది సఖినేటిపల్లి. పద్దెనిమిదేళ్ళుగా ఈ పథకాన్ని మా ఇంటి మంచాల పక్క నుంచి చూస్తున్నవాడిగా నాకు తెలిసినంత వరకు చెబుతాను.

పైపరిమితి ఎన్ని లక్షలన్నది అందరి నోటా వినబడుతుంది. మా వంటి ఇళ్ళను నిలబెట్టేదీ కూల్చేదీ మాత్రం ఆ అంకె కాదు. ఏ జబ్బు జాబితాలో ఉంది, ఎంత ఖర్చు దాటితే వర్తిస్తుంది, ఏ జిల్లాకు ఏ తేదీ నుంచి అమలవుతుంది అన్న మూడు నిర్ణయాల మీదే మా బతుకు ఆధారపడి ఉంటుంది.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై, అదే ఏడాది డిసెంబరులో మన గోదావరి జిల్లాలకు వచ్చింది. అప్పట్లో కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు ఇచ్చేవారు. 2009లో మా నాన్నగారికి కాకినాడలో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు మేము రూపాయి కట్టలేదు. ఆ మేలు నేను మరువలేను. అయితే ఆ పథకం ప్రధానంగా పెద్ద ఆపరేషన్లకు, పెద్ద జబ్బులకు ఉద్దేశించినది. జ్వరంతో వారం రోజులు ఆసుపత్రిలో పడుకుంటే అయ్యే పాతిక, ముప్పై వేలు మాత్రం ఎవరికి వారే చూసుకోవలసి వచ్చేది. దినకూలి మీద బతికేవారికి ఆ ముప్పై వేలే కొండంత.

2019–20లో ఈ లోటును సరిదిద్దే నిర్ణయం జరిగింది. వార్షికాదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలన్నిటినీ అర్హులను చేశారు. ఖర్చు 1,000 రూపాయలు దాటితే చాలు, పథకం వర్తించేలా చేసి, 1,059గా ఉన్న చికిత్సల జాబితాను 2,059కి పెంచారు. పేదవారికి జరిగిన అసలైన విస్తరణ ఇదేనని నా గట్టి అభిప్రాయం. అయితే దీన్ని 2020 జనవరి 3న ఏలూరులో ప్రారంభించి, ముందుగా ఒక్క పశ్చిమగోదావరి జిల్లాలోనే ప్రయోగాత్మకంగా అమలు చేశారు.

ఆ ఫిబ్రవరిలో మా అన్నయ్యకు జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. అన్నయ్య కొబ్బరి దింపు కార్మికుడు, చెట్టెక్కితేనే కూలి. మాకు కాకినాడ కంటే భీమవరం దగ్గర కాబట్టి సాయంత్రం పంటు మీద గోదావరి దాటించి, అక్కడ ఒక ఆసుపత్రిలో చేర్చాము. అవతలి ఒడ్డున పశ్చిమగోదావరిలోని నరసాపురంలో ఉండే మా చెల్లెలి అత్తగారు కూడా అదే జ్వరంతో అప్పటికే అక్కడ ఉన్నారు. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఉద్యోగిని ఆరోగ్యమిత్ర అంటారు. ఆయన బల్ల దగ్గర రెండు కార్డులూ పెట్టాను. ఆయన అత్తగారి కార్డు నంబరు రాసుకుని, అన్నయ్య కార్డు మీద చిరునామా ఉన్న వరుస దగ్గర పెన్ను ఆపి, "ఇది కొత్త జాబితాలోదండి, మీది తూర్పుగోదావరి కదండీ, ఇంకా రాలేదండి" అన్నారు. ఆయన మాటలో కటువు లేదు, చెయ్యడానికి ఆయన చేతిలో కూడా ఏమీ లేదు. మా రేవులో నిలబడితే నరసాపురం కళ్ళెదుటే కనిపిస్తుంది. అత్తగారు సంతకం పెట్టి ఇంటికి వెళ్ళారు. మాకు 31,400 రూపాయల బిల్లు వచ్చింది. వదిన గాజులు రాజోలులో తాకట్టు పెట్టి, మిగిలినది రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాము. ఆ గాజులు విడిపించడానికి రెండేళ్ళు పట్టింది.

2020 నవంబరు 10న ఆ విస్తరణ తూర్పుగోదావరికి వచ్చింది. ఒక జిల్లాలో ముందు అమలు చేసి లోపాలు సరిచేసుకోవడం తప్పని నేను అనను. కానీ ఆ పది నెలలు ప్రభుత్వానికి ప్రయోగం, మా వదినకు అప్పు.

2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షలు చేయడం చాలా ఖరీదైన చికిత్సలు కావలసినవారికి ప్రాణదానమే. అటువంటి కుటుంబాలు కొన్నే ఉన్నా వారికి అది చాలా అవసరం.

ఇక బీమా సంగతి. 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం కుటుంబానికి 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు భరిస్తాయి. ఇది కొత్త ఆలోచన కాదు, 2007లోనూ ఈ పథకం బీమా కంపెనీ ద్వారానే మొదలైంది. నా దృష్టిలో డబ్బు ఎవరి ద్వారా వెళుతుందన్నదాని కంటే ఆసుపత్రికి ఎప్పుడు చేరుతుందన్నది ముఖ్యం. 2025 అక్టోబరులో ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిల కోసం ఈ పథకంలో చేరిన ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు సేవలు ఆపినప్పుడు, మా వీధిలో మూత్రపిండంలో రాయితో విలవిలలాడుతున్న ఒక పెద్దాయనను ఒక ఆసుపత్రి గుమ్మంలోంచే తిప్పి పంపింది. ఆయన జేబులో కార్డు ఉంది, ఆ కార్డు మీద 25 లక్షల హక్కూ ఉంది. బీమా పద్ధతిలో ఆరు గంటల్లో అనుమతి ఇస్తామంటున్నారు. అది నిలబడితే నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను.

ఈ విస్తరణల్లో నన్ను బాధించే లోటు మరొకటి ఉంది. కార్డు ఆసుపత్రి మంచం చుట్టూ తిరుగుతుంది. మా అమ్మ రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలకు అది పనికిరాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో దొరికినప్పుడు తెచ్చుకుంటాము, దొరకని నెల బయట కొంటాము. ఆ డబ్బు లేక మాత్రలు మానేసినవారే చివరికి పెద్ద జబ్బుతో అంబులెన్సు ఎక్కుతున్నారు.

మీ రెండవ ప్రశ్నకు నా సలహా ఏమిటంటే, ప్రీమియం ఇప్పుడే మానకండి. కొత్త విధానం మీ జిల్లాలో అమలై, మీరు వెళ్ళే ఆసుపత్రి ఆ కార్డు తీసుకుంటోందని ఆరోగ్యమిత్రను స్వయంగా అడిగి తెలుసుకున్నాకే నిర్ణయించుకోండి. మీ అమ్మగారికి గానీ నాన్నగారికి గానీ 70 ఏళ్ళు నిండితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల వరకు వర్తించే కేంద్ర ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి ఉంది, దాని గురించి కూడా విచారించండి. ఈలోగా కార్డులోని పేరు, ఆధార్‌లోని పేరు ఒకటిగానే ఉన్నాయా అని మీ ఊరి సచివాలయంలో చూపించుకోండి. మా అమ్మ పేరులో ఒక్క అక్షరం తేడా సరిచేయించడానికి మూడు వారాలు పట్టింది, అదృష్టవశాత్తు ఆ మూడు వారాల్లో ఆవిడకు ఆసుపత్రి అవసరం రాలేదు.