పైలట్ లేని సైనిక డ్రోన్‌కు స్థావరంలో అంతమంది ఎందుకు?

లోపల పైలట్ లేడన్న మాటే గానీ, డ్రోన్‌ను లేపి, దించి, మళ్లీ సిద్ధం చేయడానికి నేల మీద మనుషులు కావాలి. దూరం నుంచి నడిపితే ఉపగ్రహం మీదుగా ఆదేశం వెళ్లి వీడియో తిరిగొచ్చేసరికి సెకనుకు పైగా పడుతుంది. రన్‌వే తాకే క్షణంలో అది చాలా ఎక్కువ. అందుకే అమెరికా ఎంక్యూ-9 రీపర్ డ్రోన్‌ను విదేశీ స్థావరంలోని బృందం నేరుగా రేడియోతో పైకి లేపి, అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో ఉన్న క్రీచ్ వైమానిక స్థావరం లాంటి చోట కూర్చున్న పైలట్‌కు అప్పగించే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఆటోమేటిక్ ల్యాండింగ్ వచ్చినా, ఇంధనం నింపడం, ఇంజిన్ చూడటం, కెమెరా అద్దం మీద దుమ్ము తుడవడం, క్షిపణులు బిగించడం చేత్తో చేయాల్సిందే. డ్రోన్ అంటే ఒక్క విమానమే అనుకుంటారు చాలామంది. కాదు, కంట్రోల్ స్టేషన్, ఉపగ్రహ లింకు, స్పేర్ పార్టులు, మెకానిక్‌లు అన్నీ అందులో భాగమే.